సొరకాయకు 118/76

ఫిబ్రవరి 1, శనివారం

రమేష్ కొత్త సెల్ షోరూం ప్రారంభించాడు. మార్కాపురంలో ఇంత అద్దం ఉన్న దుకాణం ఇంతవరకు లేదు. ఒక గోడంతా జివోనా కంపెనీ వాచీలే. బయట సినిమా హీరో కటౌట్, రెండంతస్తుల ఎత్తు. చేతి వాచీని మన వైపు చూపిస్తున్నాడు. కింద అక్షరాలు: "మీ గుండె మీ చేతిలో. బీపీ, పల్స్, నిద్ర. పట్టీ లేదు, పంపు లేదు."

మా విలేఖరులకు తలా ఒక సంచి ఇచ్చారు. బ్రోషరు, పెన్ను, వాచీ.

"డాక్టర్ను చేతికి కట్టుకున్నట్టే అన్నా," అన్నాడు రమేష్.

పది లైన్ల వార్త పంపాను. విశేషణాలు లేకుండా రాశాను. సాయంత్రం వెబ్‌సైట్లో చూస్తే డెస్క్ వాళ్ళు నాలుగు చేర్చారు.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఊరికి పోయి అక్కకు వాచీ ఇచ్చాను. ఇంట్లో సంచిలో పడి ఉండేకంటే మేలని.

ఎలీషబా అక్కకు బీపీ ఉందని నర్సు సరళమ్మ పోయిన ఏడాది కనిపెట్టింది. అర్ధవీడు ఆసుపత్రి నుంచి నెలనెలా మాత్రలు తెచ్చి ఇస్తుంది. అక్క ఒకరోజు వేసుకుంటుంది, ఒకరోజు మరుస్తుంది; వాటికి మర్యాద చెయ్యదు.

"ఊరికే ఇచ్చే మాత్రకు ఏం బలముంటది రా. అట్ట మీద ఒక బొమ్మన్నా లేదు."

వాచీ కట్టాను. వేలితో నొక్కితే ఆకుపచ్చ వెలుగు వచ్చింది. 118/76 అని చూపింది.

"ఇదేనా మంచి లెక్క?"

"మంచి లెక్కే."

"సరళమ్మ మిషన్లో ఎప్పుడూ నూట అరవై, నూట డెబ్బై. ఆ యమ్మ గుండెల్లో దడ పుట్టిస్తాది. ఇది చూడు, ఎంత నెమ్మదిగా చెప్పిందో."

పెట్టె కూడా దాచుకుంది. పెట్టె మీద హీరో ఉన్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆరాధనలో సాక్ష్యాల సమయానికి అక్క లేచింది. అక్క సంఘంలో లేచి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. నాయన పోయినప్పుడు కూడా మాట్లాడలేదు. ముసుగు సర్దుకుని, కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని నిలబడింది.

"శుక్రవారం ఉపవాసముండి ప్రార్థన చేసినాను. మాత్రలు ఆపేసి వారమైంది. ఏమీ కాలేదు. రోజూ చూసుకుంటాండా. నూట పద్దెనిమిది దాటలేదు. దేవుడు నా నెత్తుర్ని నెమ్మది చేసినాడు. ఇదిగో, సాక్ష్యం నా చేతికే ఉండాది."

చెయ్యి పైకెత్తింది. అందరూ ఆమెన్ అన్నారు. పాస్టర్ రాజరత్నం గారు రెండుసార్లు అన్నారు. నాకు అప్పుడే ఫోన్ వచ్చింది, బయటికి పోయాను.

తిరిగి వచ్చేసరికి ఆడవాళ్ళు అక్క చుట్టూ మూగి ఉన్నారు. పక్కింటి సువార్తమ్మ వాచీని తన చేతికి కట్టించుకుని చూసుకుంటోంది. ఆమెకూ బీపీ ఉంది. ఆమెకూ 118 దగ్గరే వచ్చింది.

"యాడ దొరుకుతుంది వదినా?"

"మార్కాపురం. మా తమ్ముడు తెచ్చినాడు."

ఫిబ్రవరి 10

అక్కకు ఫోన్ చేశాను. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టమన్నాను. "తగ్గినాక ఎందుకు రా?" అంది. ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు. ఆదివారం చెప్తాను.

ఫిబ్రవరి 12, బుధవారం

మా ఫొటోగ్రాఫర్ బెన్నీకి కూడా ప్రారంభం రోజు వాచీ ఇచ్చారు. పరీక్షకని అడిగి తెచ్చాను. పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాలతో, ఇంగ్లీషులో ఉంది: ఇది వైద్య పరికరం కాదు, ఈ అంకెలను బట్టి మందులు మార్చవద్దు. తెలుగు పోస్టర్లో, తెలుగు బ్రోషర్లో ఆ వాక్యం లేదు.

నాకు 119/77 వచ్చింది. మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగి చూశాను. 119/77.

మా ఆవిడ రోజీ వంటింట్లో సొరకాయ ముందు పెట్టుకుని కత్తిపీట లాగుతోంది.

"ఏంది, ఇంట్లోనే పరుగులు?"

చెప్పాను.

"అయితే దీనికి కట్టు. ఎట్లాగూ కూర చేస్తాను, ముందు ఆరోగ్యం చూద్దాం," అంది.

వాచీ పట్టీ చివరి రంధ్రానికి అందింది. ఆకుపచ్చ వెలుగు వచ్చింది. తిరిగింది, తిరిగింది. 118/76. పల్స్ 72.

రోజీ నవ్వి కూర్చుండిపోయింది. నేను ఫొటో తీశాను. చుట్టిన తువ్వాలుకు కట్టాను: 121/78. మళ్ళీ సొరకాయకు కట్టి భోజనం దాకా వదిలేశాను. గాఢంగా నిద్రపోయిందని కూడా చూపించింది.

"మరి వదినకు ఎప్పుడు చెప్తావు?" అని అడిగింది రోజీ.

ఆదివారం.

ఫిబ్రవరి 14

హైదరాబాద్‌కు ఫోన్ చేసి కంపెనీ ప్రతినిధితో మాట్లాడాను. చాలా మర్యాదస్తుడు.

"అది వెల్‌నెస్ పరికరం సార్. వైద్య పరికరమని మేం ఎక్కడా అనలేదు. పెట్టె మీద స్పష్టంగా రాశాం."

"పోస్టర్ మీద?"

"పోస్టర్ మీద చోటుండదు సార్."

"సొరకాయకు బీపీ వచ్చింది."

"సొరకాయ మీద వాడమని మేం సిఫార్సు చెయ్యం సార్," అన్నాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

అక్క ఇంటి ముందు మేకలకు నీళ్ళు పెడుతోంది. ఫోన్‌లో సొరకాయ ఫొటో చూపించాను. ఆశ్చర్యపోలేదు.

"నేను మేకకు కట్టి చూసినా. నూట ఇరవై చూపిచ్చింది."

"చూసినావా మరి?"

"ఏం చూసేది? మేకకేం తక్కువైంది? కండ్ల ముందర గంతులేస్తాంది గదా. బాగుంటే బాగుందనే చూపిస్తాది."

సొరకాయలో నెత్తురు లేదు కదక్కా అన్నాను. తొట్టి పక్కకు నెట్టి నన్ను చూసింది. నవ్వు లేదు.

"రేయ్ పాల్‌రాజూ. నేను దేవుని ముందర నిలబడి చెప్పినా. వాచీ తప్పంటే నేను అబద్ధం చెప్పినట్టేనా?"

"అట్ల అనలేదక్కా."

"మరెట్ల అన్నావు?"

పాస్టర్ గారు అటు వచ్చారు. మాట మారిపోయింది.

మార్చి మొదట్లో పల్నాడు వైపు మిరప కోతలకు గుంపుతో పోతానని అక్క చెప్పింది. రోజంతా ఎండలో వంగి కొయ్యాలి. ఏటా పోయేదే. నన్ను చదివించింది ఆ కోతలతోనే. పోయిన ఏడాది మాత్రలు వేసుకుంటూ పోయింది.

ఇంకా సమయముంది.

ఫిబ్రవరి 20, గురువారం

సువార్తమ్మ కంభం దగ్గర చేలో పడిపోయింది. మార్కాపురం ఆసుపత్రికి తెచ్చారని ఆమె కోడలు దీవెన ఫోన్ చేసింది. పోయాను.

మూతి ఎడమకు లాగింది. కుడిచెయ్యి లేవడం లేదు. డాక్టరు బీపీ మిషన్ పట్టీ కట్టి చూశాడు: 210/120. పట్టీ కట్టిన చేతికే, కింద మణికట్టు మీద వాచీ ఉంది. నేను నొక్కి చూశాను. 119/77.

"మాత్రలు ఎప్పుడు ఆపేసింది?" అని దీవెనను అడిగాను.

"పెద్దమ్మ సాక్ష్యం చెప్పిన మర్నాడే మామా. మీ రమేష్ షాపులోనే కొన్నది. నువ్వు తెలుసంటే ధర కూడా తగ్గించినాడు."

ఫిబ్రవరి 21

సువార్తమ్మకు మాట రావడం లేదు.

ఫిబ్రవరి 22, శనివారం

వార్త రాశాను. సువార్తమ్మ పేరు, ఆమె బీపీ, డాక్టరు మాట, పెట్టె అడుగు వాక్యం, కంపెనీ వివరణ, సొరకాయ ఫొటో. ఒక్క విశేషణం లేదు. డెస్క్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు.

"రాజు గారూ, సోమవారం మొదటి పేజీ నిండా వాళ్ళదే ప్రకటన. పేరు లేకుండా వేద్దాం."

"పేరు లేకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఫొటో ఉంది కదండీ."

నిజమే, ఫొటో ఉంది.

ఫిబ్రవరి 24, సోమవారం

తొమ్మిదో పేజీలో, కింద, రంగు పెట్టెలో వేశారు. "సొరకాయకూ బీపీ!" శీర్షిక పక్కన నవ్వుతున్న బొమ్మ. సువార్తమ్మ లేదు. డాక్టరు లేడు. పెట్టె అడుగు వాక్యం లేదు. సొరకాయ ఉంది, దాని మీద వాచీ పేరు స్పష్టంగా కనిపిస్తోంది. మొదటి పేజీలో హీరో.

ఫిబ్రవరి 26, బుధవారం

రమేష్ నా వార్తను లామినేషన్ చేయించి కౌంటర్ మీద నిలబెట్టాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు, స్వీటు తెప్పించాడు.

"అన్నా, నువ్వు మామూలోడివి కాదు. దోర్నాల నుంచి కూడా వచ్చినారు."

నేనున్నప్పుడే పంచె కట్టుకున్న పెద్దాయన వచ్చాడు. పెళ్ళాం వెనక నిలబడింది.

"పేపర్లో పడిన వాచీ ఇదేనా నాయనా?"

"ఇదే తాతా."

"సొరకాయకు కట్టినారంట?"

"సొరకాయక్కూడా పట్టేసింది తాతా. మనిషికి పట్టదా?"

పెద్దాయన తల ఊపాడు. పెళ్ళాం చేతికి కట్టించాడు.

"తాతా, ఆ వార్త రాసింది నేనే. ఇది పని చెయ్యదనే రాశాను," అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"నువ్వు ఏ కంపెనీ అబ్బాయివి?" అని అడిగాడు.

మార్చి 2, ఆదివారం

ఊళ్ళో సువార్తమ్మ సంగతికి ఒక కారణం దొరికింది. ఆమె వాచీ డూప్లికేటంట. కంభం బస్టాండులో బండి మీద కొన్నదంట. రమేష్ దగ్గర కొన్నదని దీవెన చెప్పినా ఎవరూ వినడం లేదు. ఒరిజినల్ అయితే అట్ల జరగదు కదా అంటున్నారు.

సరళమ్మను ఇంటికి రమ్మని నేనే పిలిచాను. అక్కకు పట్టీ కట్టి చూసింది: 178/104.

"ఎలీషబమ్మా, ఇట్లుంటే కోతలకు పోకూడదు. పోయినా మాత్ర మానకూడదు."

అక్క వాచీ నొక్కి ఆమె ముఖం ముందు పెట్టింది. 118/76.

"నీ మిషన్ పాతది సరళమ్మా. గుడ్డ చినిగింది. దాని మీద పేరు కూడా లేదు చూడు."

"పేరెందుకమ్మా దానికి?"

"పేరు లేనిదాన్ని ఎట్ల నమ్మేది?"

అప్పుడే చెప్పేశాను. సువార్తమ్మ వదిన వాచీ ఒరిజినల్, నేను ఆసుపత్రిలో చూశాను, అదీ ఇదీ ఒకటే. అక్క మేకల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత, "నా మాట ఇని ఆపేసిందంటావా?" అంది.

దీవెన అన్న మాట నాకు గుర్తుంది. లేదక్కా అన్నాను.

"అయితే డూప్లికేటే," అంది. లేచిపోయింది.

వాకిట్లో సరళమ్మ సంచి సర్దుకుంటూ నాతో చెప్పింది: "అన్నా, ఎవరు ఏమన్నా చెప్పుకోనీ. ఆ మాత్ర రోజుకొకటి కడుపులో పడితే చాలు నాకు."

బుధవారం అక్క ప్రయాణం.

మార్చి 4, మంగళవారం

రమేష్ దగ్గర జివోనా ఖాళీ పెట్టె ఒకటి అడిగి తెచ్చాను. హీరో బొమ్మది. దాంతోపాటు "ఒరిజినల్" అని మెరిసే స్టిక్కర్లు. గోడౌన్‌లో కట్టలు కట్టలు ఉన్నాయి, ఎన్నైనా తీసుకోమన్నాడు.

మాత్రలు సరళమ్మ ఇచ్చినవే. అక్క పేరుతో, కోతల నుంచి తిరిగి వచ్చేదాకా సరిపడా. రోజుకొకటి, పాత మోతాదే, ఆసుపత్రి డాక్టరును అడిగే ఇచ్చింది. అట్టలను పెట్టెలో వరసగా పేర్చాను. మూత మీద స్టిక్కరు అంటించాను.

రోజీ పక్కన నిలబడి చూసింది.

"ఇది వార్తా, ప్రకటనా?"

నేను మూత ఇంకోసారి నొక్కాను.

"స్టిక్కరు వంకరగా అంటింది," అంది.

మార్చి 5, బుధవారం

కూలీలను తీసుకుపోయే లారీ ఊరి బయట ఆగి ఉంది. అక్క మూట మీద కూర్చుని ఉంది. పెట్టె చేతికిచ్చాను.

"వాచీతో కలిపి వాడాల్సినవి. రోజూ పొద్దున ఒకటి. ఇవి వేసుకుంటేనే వాచీ సరిగ్గా చూపిస్తుందంట."

స్టిక్కరును వేలితో తడిమింది. మూత తెరిచి అట్టలు చూసింది. గుర్తుపట్టింది అనుకున్నాను. ఏడాదిగా మింగిన మాత్రలే.

"కంపెనీయేనా?"

"కంపెనీయే."

"మరి ముందే ఇయ్యలేదేం రా?"

"స్టాకు లేదు."

"సువార్తమ్మకు ఇవి ఇయ్యలేదు, చూసినావా," అంది అక్క. "అందుకే అట్లయింది. వాచీ తప్పు కాదు. నా తప్పూ కాదు."

ముఖం తేటపడింది. అక్కడే నీళ్ళ బాటిల్ తీసి ఒకటి వేసుకుంది. లారీలో వాళ్ళు కేకేస్తే ఎక్కింది.

ఇందులో అబద్ధం ఎంత అని దారిలో లెక్క వేసుకున్నాను. మాత్ర నిజం. మోతాదు నిజం. మిగిలింది అట్టపెట్టె.

మార్చి 19

అక్క ఫోన్. ఎండలు మొదలైనాయంట, కాయ బాగుందంట. వాచీలో 118/76. మాత్ర మానలేదు. గుంపులో ఇద్దరు ఆడవాళ్ళు పెట్టె అడుగుతున్నారంట, బీపీ లేని వాళ్ళు కూడా. ఎవరికీ ఒక్కటి కూడా ఇవ్వవద్దని గట్టిగా చెప్పాను.

"ఎందుకిస్తా? నా వాచీకి కొలిచి ఇచ్చినవి గదా," అంది.

ఏప్రిల్ 6, ఆదివారం

అక్క శుక్రవారం వచ్చింది. నల్లబడింది, చిక్కింది. సరళమ్మ పట్టీతో చూసింది: 136/84. సరళమ్మ నా వైపు చూసి పట్టీ విప్పింది. వాచీ: 118/76.

"నీ మిషన్ కూడా దారికొస్తాంది సరళమ్మా," అంది అక్క.

ఆరాధనలో మళ్ళీ లేచింది. దేవునికి స్తోత్రం చెప్పింది. పోయినసారి తొందరపడి మాత్రలు ఆపినానని, అది పొరపాటని కూడా చెప్పింది. ఇప్పుడు కంపెనీ మాత్రలు వచ్చినాయి, వాచీతో కలిపి వేసుకోవాలి అంది. పెట్టె పైకెత్తింది. హీరో అందరికీ కనిపించాడు.

సువార్తమ్మ ముందు వరసలో, దీవెన భుజానికి ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. ఆ పెట్టెనే చూస్తోంది.

"కావాలంటే మా తమ్ముణ్ణి అడగండి. పేపరాయన. లేనిది చెప్పడు," అంది అక్క.

అందరూ నా వైపు తిరిగారు. పాస్టర్ గారు మైకు ఇచ్చారు. ఈసారి ఫోన్ రాలేదు.

చెప్పాను. పూర్తిగా చెప్పాను. అవి కంపెనీ మాత్రలు కావు, సరళమ్మ ఊరికే ఇచ్చే గవర్నమెంటు మాత్రలే. పెట్టె నేను రమేష్ దగ్గర తెచ్చాను. స్టిక్కరు నేను అంటించాను. వాచీ సొరకాయకు కూడా అదే చూపిస్తుంది. బీపీ ఉన్నవాళ్ళు ఎవరూ మాత్ర మానవద్దు.

అక్క పెట్టెను రెండు చేతులతో పట్టుకుని నన్ను చూస్తోంది. ఏడుస్తుందనుకున్నాను.

మగవాళ్ళ వైపు నుంచి ఎవరో అన్నారు: "బయటపెట్టద్దని కంపెనీవాళ్ళు చెప్పినట్టుండారు."

"అంతేలే. మనకు అందరికీ ఇస్తే వాళ్ళకేం మిగుల్తాది?"

నవ్వులు. అక్క కూడా నవ్వింది.

"వాడు చిన్నప్పటినుంచీ అంతే. మంచిది చేసి చెప్పుకోడు," అంది సంఘంతో. నా వైపు తిరగలేదు.

ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను. ఏ మాటకో తెలియదు.

బయటికొచ్చి బండి తీస్తుంటే దీవెన వెనకే వచ్చింది.

"మామా, మా అత్త మాత్రలు ముట్టడంలే. నోటికాడ పెడితే ఉమ్మేస్తాంది. గవర్నమెంటువి వద్దని చేత్తో సైగ చేస్తాంది."

"నేనిప్పుడే చెప్పాను కదమ్మా, రెండూ ఒకటేనని."

"నాకు తెలుసు మామా. సరళమ్మ కూడా చెప్పింది." చెప్పు మొనతో మట్టి గీస్తూ నిలబడింది. "ఆ పెట్టె ఒకటి దొరుకుతాదా?"

కిటికీలోంచి సువార్తమ్మ కనిపిస్తోంది. అక్క ఆమె పక్కన కూర్చుని, ఆ లేవని చేతిని తన ఒళ్ళో పెట్టుకుని పెట్టె చూపిస్తోంది.

ఏప్రిల్ 7, సోమవారం

సువార్తమ్మ మాత్రలు పెట్టెలో సర్దాను. స్టిక్కరు ఈసారి నేరుగా అంటించాను.